గళ్ళలో గోదావరి

పేపరు రాగానే క్రాస్‌వర్డు ఉన్న పేజీ కోసం రీడింగు రూములో జరిగే పెనుగులాట చూడని విద్యార్థి ఉండడు. అయితే ఆ పెనుగులాట ఎక్కువగా ఇంగ్లీషు పేపరు దగ్గరే. “తెలుగులో ఆ కిటుకులు నడవవండీ, అర్థం ఇస్తే మాట చెప్పడం, అంతే” అని బాగా చదువుకున్నవాళ్ళే అంటూంటారు. ఆ మాట నిజమో కాదో తేల్చుకోవాలంటే వాదన కంటే ఒక ప్రహేళిక కట్టి విప్పి చూపించడం మేలు. అందుకే ఈ వ్యాసం.

ముందు నాలుగు ముక్కలు చరిత్ర. 1913 డిసెంబరు 21న ‘న్యూయార్క్ వరల్డ్’ పత్రికలో ఆర్థర్ విన్ అనే ఆయన వజ్రం ఆకారంలో గళ్ళు గీసి అచ్చువేసినదే మొదటి క్రాస్‌వర్డు. అందులో ఆధారాలన్నీ తిన్నగా అర్థం చెప్పేవే. ఆధారాన్ని మెలిపెట్టడం ఇంగ్లండులో ముదిరింది. 1926 నుంచి ‘అబ్జర్వర్’ పత్రికలో ‘టార్కెమడా’ అనే మారుపేరుతో ఒకాయన మొదలుపెట్టాడు. టార్కెమడా అంటే స్పెయిన్‌లో మతవిచారణ పేరుతో జనాన్ని చిత్రహింసలు పెట్టిన పెద్ద. ఆయన తరవాత వచ్చినాయన జిమెనెజ్. అదీ అలాంటి అధికారి పేరే. 1972లో వచ్చిన మూడో ఆయన డెజా అనే మరో హింసకుడి పేరుని ఇంగ్లీషు అక్షరాల్లో తిరగరాసి ‘ఎజెడ్’ అని పెట్టుకున్నాడు. పాఠకుణ్ణి ఏం చేయదలచుకున్నారో పేర్లలోనే చెప్పేశారన్నమాట!

కాని హింసకీ ఒక ధర్మం ఉండాలని పట్టుబట్టింది జిమెనెజే. 1966లో పుస్తకమే రాశాడు. ఆ సంప్రదాయం ప్రకారం ఆధారంలో మాట అర్థం ఒకటి ఉండాలి, మాటని విరిచి కట్టే అల్లిక ఒకటి ఉండాలి, ఈ రెండూ కాక మూడోది ఉండకూడదు. చదివేవాణ్ణి దారి తప్పించవచ్చు గాని, అబద్ధం చెప్పకూడదు.

మనకిది కొత్తా అంటే కాదు. దండి తన కావ్యాదర్శంలో ప్రహేళికలు పదహారు రకాలని లెక్కవేశాడు. పొడుపుకథ విప్పని పల్లె లేదు. ఈ కాలంలో శ్రీశ్రీ ‘పదబంధ ప్రహేళిక’లు, ఆరుద్ర ‘గళ్ళ నుడికట్టు’ కూర్చారు. అంచేత అలవాటు లేని పని కాదు, మరిచిన పని.

తెలుగులో గడికి ఒక అక్షరం. ‘కృష్ణ’ రెండు గళ్ళే. ఇంగ్లీషువాడికి ఇష్టమైన కిటుకు అక్షరాలు కలగాపులగం చెయ్యడం. అది మనకి పెద్దగా ఉపయోగపడదు. మూడక్షరాల మాటని ఆరు విధాలుగానే పేర్చగలం, అందులోనూ గుణింతం హల్లుకి అతుక్కుని ఉంటుంది కాబట్టి చూడగానే దొరికిపోతుంది. అది పోయిందని ఏడవనక్కరలేదు. ఇంగ్లీషువాడికి లేని వసతులు మనకి కొన్ని ఉన్నాయి.

ఇక మన ప్రహేళిక. గళ్ళ బొమ్మ వెయ్యడానికి చోటు లేదు, ఆధారాలే ఇస్తున్నాను. బ్రాకెట్లలో అంకె అక్షరాల సంఖ్య. పైన ఒక షరతు: ఇందులో కొన్ని జవాబులు ఒకే జాతివి. ఒక్కటి తప్ప ఆ జాతి అంతా ఒక పెద్ద దాంట్లో చేరుతుంది. ఆ ఒంటరి ఏది?

తేలికైనదానితో మొదలుపెడదాం. “వానా వరదా నడుమ దాగి దాటించేది (2)”. వానలో దాటించేది గొడుగా, వంతెనా అని ఆలోచిస్తూ కూర్చుంటే తెల్లారుతుంది. ‘నడుమ దాగి’ అన్నప్పుడు కళ్ళు అర్థం మీద కాదు, అక్షరాల మీద పెట్టాలి. వా-నా-వ-ర-దా. మధ్యలో నావ ఉంది! ఆధారం నిజమే చెప్పింది, మనమే వినలేదు.

“కలం తిరగేస్తే నీళ్ళ మధ్య పొగాకు పండే చోటు (2)”. క-లం ని వెనకనుంచి చదివితే లంక. ఇక్కడ సున్న అక్షరంతోపాటే నడిచింది, అది గమనించాలి. రావణుడి లంక అనుకున్నవాళ్ళకి పొగాకు దగ్గర అనుమానం రావాలి. గోదావరి లంకల పొగాకు చుట్టలు కాల్చిన పెద్దలు మన ఇళ్ళలోనే ఉండేవారు.

ఇప్పుడు మన ప్రత్యేక వసతి చూడండి. “లాంచీ నడిపేవాడు షడ్జమంతో రంగు అందుకున్నాడు (3)”. షడ్జమం అంటే ‘స’. దాని వెనక రంగు. సరంగు! అలాగే “సారం నడుమ గాంధారం, అందరూ అక్కడికే (3)”. సా-రం మధ్యలో ‘గ’ని దూర్చితే సాగరం. సప్తస్వరాలు ఏడూ మనకి పొట్టి గుర్తులుగా పనికొస్తాయి. సంగీతం రాకపోయినా సరిగమలు రానివాడు లేడు కాబట్టి ఇది న్యాయమైన కిటుకే.

ఇంతవరకు వచ్చిన నాలుగు మాటలూ నీటి చుట్టే తిరుగుతున్నాయని కనిపెట్టినవాడికి సగం పని అయినట్టే. ఇతివృత్తం ఉన్న ప్రహేళికలో లాభం ఇదే. ఒకటి దొరికితే మిగతావాటి వాసన తెలుస్తుంది. “ధవళేశ్వరం దగ్గర ఏటికి అడ్డంపడ్డ నూలుగుడ్డ (3)” అంటే ఇక తడుముకోనక్కరలేదు. 1852 నాటికి ఆనకట్ట పూర్తిచేయించిన కాటను దొర ఇంటిపేరుకి ఆయన భాషలో అర్థం నూలే.

అసలు నదికి వద్దాం. “‘ఆవూ, రా, ధాన్యం!’ అంటే నాసిక్ దగ్గర పుట్టినది వచ్చింది (4)”. ఆవు అంటే గో. రా అనడానికి మన ఇళ్ళల్లో ఇంకో మాట, దా. ధాన్యం వరి. గో-దా-వరి! మాటని ఎక్కడ విరిచినా ఒక తెలుగు ముక్క పలికింది, పైగా ఆ నది చేసే పనికి దగ్గరగానే పలికింది. నిజానికి ఈ విరుపు కనిపించిన తరవాతే నాకీ ప్రహేళిక కట్టాలన్న బుద్ధి పుట్టింది. ఇది శాస్త్రీయమైన వ్యుత్పత్తి కాదు సుమండీ, పరీక్షల్లో రాస్తే నాకు సంబంధం లేదు.

“కాలి అందెకు చివరి సున్న రాలితే మెదకులో గలగల (3)”. అందె అంటే మంజీరం, సున్న తీసేస్తే మంజీర. సున్న రాలిందని చెప్పకుండా ఊరుకుని ఉంటే అది దొంగతనం అయ్యేది. “ఊపిరికి మేలు చేసేది కాళేశ్వరంలో తేలింది (4)” అంటే ప్రాణహిత, విప్పడానికేమీ లేదు. “కరీంనగరు పక్కన సిగరెట్లు వదిలేశారు (3)” అన్నది మాత్రం కొందరికి కొరుకుడు పడదు. వచ్చారుని ‘వచ్చేరు’ అనే జిల్లాల్లో మానారుని ‘మానేరు’ అంటారు. తెలంగాణా ఏరు, కోస్తా క్రియ! మాండలికాన్ని జవాబులోకి తేవచ్చునా అని అడగవచ్చు. పలికేవాళ్ళు లక్షల్లో ఉన్న మాటని నిఘంటువులో లేదని బయట నిలబెట్టడం నాకు ఇష్టం లేదు.

నాకు అన్నిట్లోకీ ముద్దొచ్చేది ఇది: “వాద్యం పట్టిన, దొర లేని దొరసాని పాల్వంచ అడవుల్లో తిరుగుతోంది (5)”. వాద్యం కిన్నెర. దొరసానిలో దొరని తీసేస్తే సాని. కిన్నెరసాని. విశ్వనాథ సత్యనారాయణ ‘కిన్నెరసాని పాటలు’ చదివినవాళ్ళకి ఆ ఒంటరి స్త్రీ ఎవరో విరుపుతో పనిలేకుండానే తడుతుంది. మంచి ఆధారం విప్పాక కూడా కాసేపు మనసులో ఉండాలి.

ఇక్కడ సంధి పేచీ ఒకటి చెప్పాలి. మొదట ఇందులో నాగావళిని కూడా పెట్టాను. “బారులు తీరిన పాములు (4)” అని ఆధారం. నాగ, ఆవళి కలిస్తే సవర్ణదీర్ఘం, నాగావళి. చూడ్డానికి బాగుంది. కాని ‘గ’, ‘ఆ’ అనే రెండు గళ్ళు కలిసి ‘గా’ అనే ఒక్క గడి అయింది. ఇంగ్లీషులో రెండు ముక్కలు పక్కపక్కన పెడితే అక్షరాలు మారవు. మనకి కలపగానే మారతాయి. చదివేవాడు ముక్కలు రెండూ సరిగ్గా పట్టుకుని కూడా గళ్ళ లెక్క కుదరక వదిలేస్తాడు. అంచేత సంధి చేసినప్పుడు ‘సంధి కుదిరింది’ అనో ‘కలిసి కరిగింది’ అనో ఆధారంలో ఒక సూచన ఉండితీరాలని నా పట్టుదల. వ్యాకరణం వచ్చినవాడికి సూచన ఎందుకని తెలుగు శాఖవారు అనవచ్చు. వ్యాకరణం రానివాడు కూడా ఆడవలసిన ఆట ఇది. సూచన పెడితే పాముల అందం పోతోంది, అందుకని నాగావళినే వదులుకున్నాను.

ఆటలో న్యాయం గురించి ఇంత పట్టింపు ఎందుకంటారేమో. ఒక ఉదాహరణ. ‘అరొకేరియా’ పేరుతో ఏళ్ళ తరబడి ‘గార్డియన్’లో ప్రహేళికలు కూర్చిన జాన్ గ్రాహం అనే మతగురువు 2013 జనవరిలో, తన తొంభై ఒకటో ఏట, ఒక ప్రహేళిక అచ్చువేయించాడు. కూర్పరికి ఫలానా నిలువు, ఫలానా అడ్డం ఉన్నాయని పైన ఒక చిన్న గమనిక, పేరు బదులు అంకెలు. గళ్ళు నింపుకుంటూ పోయినవాళ్ళకి కేన్సరు అని ఒకచోట, అన్నవాహిక అని ఒకచోట తేలింది. తన జబ్బుని తన పాఠకులకి తన భాషలో చెప్పుకున్నాడు. ఆ నవంబరులో పోయాడు. ముప్ఫై ఏళ్ళు నమ్మకంగా ఆడిన పాఠకుడికే ఆ కబురు అలా అందుతుంది. ఒక్క ఆధారంలో మోసం చేసినవాడు ఇలాంటి మాట గళ్ళలో పెడితే ఎవరు నమ్ముతారు?

మిగిలినవి రెండు. “ఎంగిలి పళ్ళు పెట్టిన ముసలమ్మ కూనవరం దగ్గర కలిసిపోతుంది (3)”. శబరి. (ఎంగిలి ముచ్చట వాల్మీకంలో లేదు, జనం కలిపినది. ఆధారానికి జనం మాట చాలు.) ఇది నిలువు మాట, దీని చివరి ‘రి’ గోదావరి అడ్డం మాట చివరి ‘రి’లో పడుతుంది. అంటే గళ్ళలో కూడా శబరి పైనుంచి దిగివచ్చి గోదాట్లోనే కలుస్తుంది. ఇది చూసుకుని రెండు రోజులు గర్వంగా తిరిగాను. మంజీరనీ ప్రాణహితనీ అలాగే కలపాలని చూశాను గాని గోదావరితో వాటికి ఒక్క అక్షరమూ కుదరలేదు.

చివరిది: “వెదురు వెంట ఆగకుండా కారేది శ్రీకాకుళం పొలాలు తడుపుతుంది (4)”. సంస్కృతంలో వెదురుకి వంశం అని పేరు, పిల్లనగ్రోవికీ అదే. వంశధార. పైన అడిగిన ఒంటరి ఇదే. మంజీర, మానేరు, ప్రాణహిత, కిన్నెరసాని, శబరి గోదావరి చేరేవి. వంశధార ఎవరిలోనూ కలవకుండా కళింగపట్నం దగ్గర తనంత తాను సముద్రంలోకి పోతుంది.

ఇందులో ఒక తప్పు మిగిలిపోయింది, దాచను. శబరి మొదటి ‘శ’ వంశధార రెండో అక్షరం మీద నిలబడింది. రెండూ ఒడిశా కొండల్లో పుట్టినవే అయినా శబరి వంశధారలోంచి పుట్టినట్టు గళ్ళలో కనిపించడం భూగోళానికి విరుద్ధం. ఆ గడిలో ‘దిశ’ లాంటి మాట ఏదో పెట్టి, వంశధారని విడిగా తీసి, ఎవరికీ తగలకుండా కింద ఉన్న సాగరంలోకి దించాలని వారం రోజులు తంటాలు పడ్డాను. వంశధార చివర ‘ర’, సాగరం చివర ‘రం’. ఆ ఒక్క సున్నా అడ్డం వస్తోంది. సముద్రానికి ఇంకో పేరుతో ఎవరైనా దీన్ని కుదిర్చితే వచ్చే సంచికలో సరిచేసి వేయించవచ్చు.