పసుపు కొమ్ములోని తైలము

మాఘ ఫాల్గుణ మాసములలో పసుపు ఉడకబెట్టెడు కళ్లము ఇంకను దూరమున ఉండగానే ఘాటైన వాసన మనకు ఎదురువచ్చును. దారిని పోవువారికి అది హాయిగనే ఉండును. కాని ఆ వాసన కొమ్మును విడిచి ఆవిరితో పోవుచున్న తైలమే. అది రైతు సొత్తు.

పసుపు విలువ యంతయు రంగులోనే ఉన్నదని మనలో చాలమంది నమ్మకము. రంగునిచ్చునది కర్కుమిన్ అను పదార్థము. దీనిని 1815లో వోగెల్, పెల్లెటియే అను రసాయనికులు మొదట వేరుచేసిరి. ఇది ఆవిరితో లేచిపోదు. వాసననిచ్చు తైలము వేరు. దంచిన పసుపునకు నీటి యావిరి పట్టించి, ఆ యావిరిని చల్లార్చినచో నీటిపై లేతవన్నె తైలము తేలును. నూరు కిలోల ఎండు పసుపులో ఇది సుమారు 3 మొదలు 6 కిలోల వరకు ఉండును.

ఈ తైలములో ముఖ్యమైనవి టర్మిరోనులు. వీనిలో ఆల్ఫా, బీటా, ఆర్ అను మూడు రకములు కలవు. పసుపునకు దాని ప్రత్యేకమైన వాసన వచ్చుట చాలవరకు వీనివలననే. ఆల్ఫా టర్మిరోను నిలకడ లేనిది. క్రమముగా ఆర్ టర్మిరోనుగా మారును. వీనితోపాటు జింజిబెరీను అను పదార్థము కూడ ఉన్నది. అల్లపు తైలములోను ఇది ప్రధానమైనదే. పసుపు, అల్లము ఒక్క కుటుంబపు మొక్కలే గదా!

ఉడకబెట్టకుండిన తైలము మిగులును గదా యని కొందరు అడుగవచ్చును. అది సరికాదు. ఉడికిననే పచ్చివాసన పోవును, కొమ్ము త్వరగా ఎండును, రంగు లోపలంతటను సమముగా పట్టును. మితము తెలియుటయే ముఖ్యము. కొమ్ములను, తల్లిదుంపలను వేరువేరుగా ఉడకబెట్టవలెను. దుంప లావు గనుక ఎక్కువసేపు కావలెను; రెండును కలిపినచో దుంప ఉడుకులోగా కొమ్ము చెడును. నీరు కొమ్ములు మునుగునంత ఉన్న చాలును. ముప్పాతిక గంట మొదలు గంట లోపల నురుగు పొంగి, తెల్లని ఆవిరులు వాసనతో లేచును. మొనలేని పుల్ల కొమ్ములో సులభముగా దిగినచో వెంటనే దింపవలెను. మరికొంతసేపు ఉండనిండని చెప్పు పెద్దలు ప్రతి ఊరను ఉందురు. ఆ సమయమున పోవునది తైలమే. రంగు కూడ మాసిపోవును.

మాసిన రంగును కప్పుటకు లెడ్ క్రోమేటు పూయువారు ఉన్నారు. అది సీసముతో కూడిన విషము, దానిని ముట్టరాదు.

దుగ్గిరాల, నిజామాబాదు మార్కెట్లలో కొమ్మును విరిచి చూచి ధర కట్టెడు వాడుక ఉన్నది. పసుపునుండి తైలమును, ఓలియోరెసిన్ అను చిక్కని సారమును తీయు కర్మాగారములవారు మాత్రము తైలమెంత, కర్కుమిన్ ఎంతయని పరీక్షించి కొందురు. అట్టివారికి అమ్మదలచినవారు కొమ్ములను కొమ్ములుగనే నిలువ చేయవలెను. పొడి చేసిన పసుపునుండి తైలము త్వరగా ఎగిరిపోవును. ఇంటి వాడుకకైనను నెలకు సరిపడునంత మాత్రమే ఆడించి, మూత గట్టిగా ఉన్న డబ్బాలో ఉంచుట మేలు.