కట్ట చిన్నదే, బాధ్యత పెద్దది

కట్ట, అలుగు, తూము అనే మాటలు తెలుగు పల్లెలలో పెరిగినవారికి కొత్తవి కావు. అమెరికాలో పొలాలలోను, నివాస సముదాయాల నడుమను కనిపించే చిన్న చెరువులకు గూడ ఈ మూడే ఆధారం. ఈ దేశపు ఆనకట్టలలో సగానికి పైగా ప్రైవేటు ఆస్తులు. పశువులకు నీరు, పంటలకు తడి, వరదనీటి నిలుపుదల, చేపల వేట, విహారం వీటి ప్రయోజనాలు.

కాలక్రమమున ప్రయోజనం మారవచ్చు. కట్టపై నీటి ఒత్తిడి మాత్రం మారదు. జార్జియా రాష్ట్రంలో టొకోవా జలపాతానికి ఎగువనున్న కెల్లీ బార్న్స్ ఆనకట్ట ఇందుకు నిదర్శనం. విద్యుత్తు కొరకు ఏర్పడిన ఆ కట్ట, 1957లో ఉత్పత్తి నిలిచిన పిదప విహార సరస్సుకు గట్టుగా మిగిలింది. దాని ఎత్తు సుమారు 40 అడుగులే. 1977 నవంబరు 6వ తేదీ అర్ధరాత్రి దాటిన పిమ్మట, భారీ వర్షాల అనంతరం అది తెగి, దిగువన 39 మందిని బలిగొన్నది. నిటారైన దిగువ వాలు జారుట, ఊట మట్టిని తోడివేయుట ఇందుకు కారణాలై ఉండవచ్చునని పరిశోధకులు భావించారు.

మట్టికట్ట గుండా కొంత నీరు ఊరుట సహజమే. ఆ ఊట తేటగా, నిలకడగా ఉన్నంతవరకు భయం తక్కువ. బురదగా మారినచో, నీరు కట్టలోని మట్టిని వెంట తెస్తున్నదని అర్థం. లోపల సొరంగమేర్పడి తుదకు గండి పడుతుంది. కుళ్ళిన చెట్ల వేళ్ళు, జంతువుల బొరియలు దీనికి త్రోవ చూపుతాయి.

రెండవ ప్రమాదం నీరు కట్ట మీదుగా పొర్లుట. దీనిని నివారించునది అలుగు. పెన్సిల్వేనియాలో ఒక ప్రైవేటు క్లబ్బుకు చెందిన సౌత్ ఫోర్క్ ఆనకట్ట అలుగుకు, చేపలు పోకుండ అడ్డుగా జాలీలు బిగించారు. 1889 మే 31న వాటిలో చెత్త చిక్కుకొన్నది. నీరు పొర్లి కట్ట తెగింది. మృతులు 2,209 మంది.

ఇక్కడి అధికారులు ఒక ఆనకట్టను "అధిక ప్రమాద" శ్రేణిలో చేర్చినంత మాత్రాన అది బలహీనమైనదని కాదు. తెగినచో దిగువన ప్రాణనష్టం సంభవించగలదని అర్థం.

సరస్సు ఒడ్డున ఇల్లు కొనదలచిన కుటుంబాలు ముందుగా కట్ట ఎవరిదో విచారించాలి. ఇండ్ల యజమానుల సంఘానిదైనచో, దాని తనిఖీ, మరమ్మతుల భారంలో మనకూ పాలుంటుంది. అలుగు శుభ్రంగా ఉన్నదా, ఇంజనీరు కట్టను చివరిసారి ఎప్పుడు పరీక్షించారు అని అడగండి. బురద ఊట కనిపించిన క్షణమే 911కు, దిగువవారికి తెలియజేయండి. నీటి అందం మన కిటికీలో కనిపిస్తుంది. కట్ట తెగినచో కష్టం దిగువవారి వాకిట నిలుస్తుంది.