ఏడవ యేటి బీడు

సమస్య

అయ్యా,

నేను ఒక విశ్వవిద్యాలయపు లలితకళా శాఖలో తొమ్మిదేండ్లుగా అసోసియేట్ ప్రొఫెసరుగా పనిచేయుచున్నాను. వయస్సు 48. మా తండ్రిగారు పెడనలో కలంకారీ అద్దకము చేసినవారు. ఉద్యోగములో చేరినది మొదలు సిలబస్సులు, తనిఖీలకు ఫైళ్లు, జవాబుపత్రములు, వీనితోనే కాలము గడచినది గాని, నాదని చెప్పుకొనదగిన గుడ్డ ఒక్కటియు తయారు కాలేదు. పెడన కాలువలో అద్దకపు గుడ్డలు జాడించిన స్త్రీల కథను, పెద్దలు రామాయణమును చెప్పినట్లే, మా ఊరి అచ్చులను కాళహస్తి కలమును కలిపి, 20 గజముల వస్త్రముపై చెప్పవలెనని పదేండ్లుగా నాకొక కోరిక.

ఇప్పుడు లండనులోని ఒక కళాసంస్థ నాకు ఏడాదిపాటు ఫెలోషిప్ ఇచ్చెదమని వ్రాసినది. బసయు భోజనవ్యయమును వారివే. అక్కడి విక్టోరియా అండ్ ఆల్బర్ట్ మ్యూజియములోని మన తీరపు పాత అద్దకములను కన్నులార చూడవచ్చును. మావారు వెళ్లుమనుచున్నారు. అత్తగారు, "పిల్లదాని ఇంటరు సంగతి నేను చూచుకొందును, పోయి రా తల్లీ" అనుచున్నారు. మా అన్నగారు మాత్రము, "ఈ వయస్సులో నీకీ దేశాటనము ఏల?" అని కోపించిరి. శాఖలో కొందరు, సబ్బాటికల్ సెలవు పేర జీతము తీసికొనుచు షికారు పోవుచున్నదని చెవులు కొరుకుకొనుచున్నారు. ఇవి సహింపగలను. ఏడాది గడచిన పిదప వట్టిచేతులతో తిరిగివత్తునేమో యను భయమే నన్ను నిద్రపోనీయకున్నది. వెళ్లుమందురా, మానుమందురా?

— ఒక సోదరి, విజయవాడ

సలహా

అమ్మా,

అత్తగారే పోయి రమ్మన్న ఇంట అన్నగారి కోపము ఎన్నాళ్లు నిలుచును? రాఖీపౌర్ణమి నాటికి చల్లారును. దానిని గూర్చి ఇంతకు మించి వ్రాయను.

శాఖలోని వారు షికారనుకొనుచున్న ఈ సెలవునకు గౌరవప్రదమైన పుట్టుక కలదు. ఏడవయేట భూమిని దున్నక విడువవలెనని యూదుల ధర్మశాస్త్రము విధించినది. సబ్బాటికల్ అను మాటకు మూలము అదియే. దానిని విద్యాలయమునకు తెచ్చినవారు అమెరికాలోని హార్వర్డు వారు. 1880లో చార్లెస్ లాన్మన్ అను సంస్కృత పండితుని తమ కొలువునకు రప్పించుకొనుటకై, ఏడేండ్లకొక ఏడాది సగము జీతముతో సెలవిచ్చెదమని ఆశ చూపిరట. ఆ పండితుడే 1889లో మన దేశమునకు వచ్చి, సంస్కృత ప్రాకృత గ్రంథములను, వ్రాతప్రతులను హార్వర్డుకు కొనిపోయినాడు. బీడు విడిచిన చేను సోమరియై పడియుండదని మన రైతు లెరిగినదే గదా!

నిబంధనలు మీకు అనుకూలములు. అసోసియేట్ ప్రొఫెసరుగా ఏడేండ్ల సేవ నిండినవారికి ఒకసారికి ఏడాదికి మించని ఈ సెలవు ఇయ్యవచ్చునని యూజీసీ 2018 నాటి నిబంధనలు చెప్పుచున్నవి. ఫెలోషిప్ పుచ్చుకొనవచ్చును గాని, సెలవులో నుండి మరియొక చోట స్థిరోద్యోగము చేయరాదు. మీ విశ్వవిద్యాలయము వీనిని ఎట్లు అమలుచేయుచున్నదో రిజిస్ట్రారు కార్యాలయమునుండి కాగితముమీదనే తెప్పించుకొనుడు; నోటిమాటను నమ్మకుడు.

ఇక మీ భయము. 1912లో రవీంద్రనాథుడు ఇంగ్లండు పోవ సిద్ధపడి, జబ్బుచేసి ఆగిపోయి, పద్మానదీతీరమున షిలైదహలో విశ్రాంతి తీసికొనుచు తన గీతములను ఆంగ్లమున వ్రాయ మొదలుపెట్టెను. పిదప లండను చేరిన తరువాత, ఆ వ్రాతప్రతి యున్న సంచిని కుమారుడు భూగర్భపు రైలులో మరచిపోగా, పోయిన వస్తువుల కార్యాలయమున అది దొరకినది. పోగొట్టుకొనుటకైనను ఆయన సంచిలో ఒక వస్తువుండెను! మీ సంచిలో ఏమున్నది? పదేండ్ల కోరికయని వ్రాసితిరి. జానెడు గుడ్డపైనను దానిని గీచి చూచితినని వ్రాయలేదు. మ్యూజియమును వర్ణించితిరి, మీ వస్త్రమున మొట్టమొదట కనబడు స్త్రీ ఏమి చేయుచున్నదో చెప్పరైతిరి. కఠినముగా తోచినచో క్షమింపుడు, మీ నిద్రలేమికి కారణము లండను కాదు, ఇదియే.

కరక్కాయ రసమును గేదెపాలను కలిపి, గుడ్డను అందులో ముంచి, ఎండలో ఆరవేయుట మీకు నేను నేర్పవలసినది కాదు. ఇనుపతుక్కును బెల్లపునీటిలో ఊరవేసి తీసిన రసముతో ఆ గుడ్డపై గీత గీయగనే అది నల్లగా తేలును. కరక్కాయ పట్టని గుడ్డపై అదే రసము తుప్పుమరకయై మిగులును. లండనులో మీరు చూడబోవునది ఆ రసము వంటిది. గుడ్డను మాత్రము ఇక్కడనే సిద్ధముచేసికొని పోవలెను. సెలవు మంజూరగులోపుగా పెడనలో కూర్చుండి 2 గజములు పూర్తిచేయుడు. బాగుండకపోయినను చింతలేదు.

మ్యూజియములోని ఆ వస్త్రములను గూర్చి ఒక హెచ్చరిక. అవి అద్భుతములు. వాని ధాటికి తమ నేతపని ఏమగునోయని బెదరి, ఇంగ్లండువారు 1721లో అద్దకపు నూలుబట్టలు కట్టరాదని చట్టమే చేసికొనిరి. అయినను వానిలో పెక్కు తెల్లదొర పడకగదికి నప్పునట్లు, కొనువాని కోరికను కనిపెట్టి గీచిన పూలచెట్లే. గీచిన చేయి మనది, కోరిక పరులది. మీకు దొరకుచున్నది కొనువాడును, తనిఖీచేయువాడును లేని ఒక ఏడాది. మన అద్దకపు కుటుంబములలో ఎవరికి దొరకినది ఇట్టి ఏడాది? మొదటి రెండు నెలలు తనివితీర చూడుడు. పిదప ఆ మ్యూజియము వైపు పోకుడు, మీ గదిలో మీ స్త్రీలను గీచుకొనుడు.

అద్దకము అక్కడ ముగించవలెనని పట్టుదల వలదు. చిరివేరు ఎరుపు నిలుచుటకు గుడ్డను పారునీటిలో జాడింపవలెను. ఆ వసతి లండను గదిలో ఏది? కాబట్టి మీరు తేవలసినది పూర్తియైన వస్త్రము కాదు, 20 గజములకు సరిపడు రేఖాచిత్రములు మాత్రమే. రంగుపని తిరిగివచ్చిన పిదప కాలువగట్టుననే జరుగును. ఇంత తెలిసిన తరువాత వట్టిచేతుల మాట ఎక్కడిది?

వెళ్లుడు. దరఖాస్తు ఈ వారమే పెట్టుడు. ఆ 2 గజములు ముగిసిన నాడు, కాలువలోనికి మొదట దిగిన ఆ స్త్రీ ఎవరో నాకొక కార్డు వ్రాయుడు.