పెరట్లో ఆపిల్ మొక్క నాటబోతున్న అమ్మాయికి

చి. చిన్నారికి,

కొలంబస్‌లో ఇల్లు కొన్నాక పెరట్లో ఆపిల్, పీచ్ వెయ్యాలని మొక్కలకు ఆర్డర్ పెట్టానన్నావు. సంతోషం. ఏప్రిల్ మొదట్లో గుమ్మం ముందు ఒక పొడుగాటి అట్టపెట్టె పడేసి పోతారు. విప్పితే ఆకూ ఉండదు, మట్టీ ఉండదు. తడి కాగితాల్లో వేళ్లు చుట్టిన కర్ర ఉంటుంది, అంతే. కడియం నర్సరీల నుంచి మట్టి కవరుతో సహా మొక్కలు తెచ్చుకున్న ఇంటివాళ్లం కదా, చూడగానే మోసపోయామనిపిస్తుంది. మోసమేం లేదు. చలికాలంలో ఆకు రాల్చి నిద్రపోయే చెట్లను ఇలా పంపడం అమెరికాలో పాత వ్యాపారమే. మిసోరీలోని స్టార్క్ బ్రదర్స్ నర్సరీ 1816లో మొదలైంది.

ముందు ఆర్డర్ కాగితం ఒకసారి తీసి చూడు. ఆపిల్ రకం పేరు పక్కన రూట్‌స్టాక్ (ఆ రకాన్ని అంటు కట్టిన కింది వేరు) పేరు ఉందా? రకం పండు రుచి చెబుతుంది. చెట్టు ఎంత ఎత్తు పెరుగుతుందో, ఎంతకాలం నిలబడుతుందో చాలావరకు కింది వేరే తేలుస్తుంది. ఎం.9 అయితే చెట్టు పొట్టిగా ఉండి త్వరగా కాస్తుంది కానీ, జీవితాంతం ఊతకర్ర కావాలి, పైగా ఫైర్ బ్లైట్ తెగులుకు తేలిగ్గా లొంగిపోతుంది. కార్నెల్ యూనివర్సిటీ వాళ్లు న్యూయార్క్ రాష్ట్రంలోని జెనీవాలో తయారుచేసిన జి.41, జి.935 లాంటివి ఆ తెగులును బాగా తట్టుకుంటాయి. 'డ్వార్ఫ్' అని మాత్రమే రాసి, ఏ వేరో చెప్పని నర్సరీని నేనైతే నమ్మను. రకాల్లో హనీక్రిస్ప్ కోసం ఆశపడకు, అది పెంచడం కష్టం. స్కాబ్ తెగులు అంటని లిబర్టీ మొదటిసారి పెంచేవాళ్లకు మంచిది. పీచ్‌కు రెండో చెట్టు అక్కర్లేదు కానీ ఆపిల్‌కు అదే సమయంలో పూసే ఇంకో రకం తోడు కావాలి. మీ వీధిలో ఎవరింటి ముందైనా క్రాబాపిల్ ఉందేమో చూడు, ఆ పుప్పొడి సరిపోతుంది.

పెట్టె వచ్చిన రోజే విప్పు. అందరూ ఎత్తూ కొమ్మలూ చూసి మురిసిపోతారు. నువ్వు వేళ్లు చూడు. నలువైపులా పరుచుకుని, వంచితే విరక్కుండా వంగాలి. గోటితో గీరితే లోపల తెల్లగా, తడిగా కనపడాలి. నల్లబడి మెత్తగా జారిపోతున్నా, కుళ్లువాసన వేస్తున్నా ఆ వేరు చచ్చినట్టే. మొదలు దగ్గర గరుకు గడ్డలుంటే అది క్రౌన్ గాల్, దానికి మందు లేదు. నాటకు, ఫోటో పంపి మార్చమను. కాండం బొటనవేలంత లావుంటే చాలు. బెరడు కొద్దిగా గీరి చూస్తే కింద పచ్చగా ఉండాలి.

వేళ్లను గంటో రెండు గంటలో బకెట్ నీళ్లలో ఉంచు, రాత్రంతా మరిచిపోకు. గొయ్యి తవ్వుతున్నంతసేపూ తడిగోనె కప్పి ఉంచు. ఎండకూ గాలికీ సన్నవేళ్లు నిమిషాల్లో ఎండిపోతాయి. ఆ రోజు నాటడానికి నేల మరీ బురదగా ఉంటే, నీడలో చిన్న కాలువ తీసి వేళ్లను తడిమట్టిలో కప్పిపెట్టు.

ఇక గొయ్యి సంగతి. మీ నాన్న ఫోన్లో రెండు తట్టల గత్తం వెయ్యమంటాడు. మామిడికి మన దగ్గర అదే పద్ధతి, వాడి తప్పేం లేదు. మీ బంకమన్నులో మాత్రం వద్దు. మెత్తటి ఎరువు నింపిన గొయ్యి నీళ్లు ఇంకని తొట్టిలా తయారవుతుంది, వేళ్లు అది దాటి బయటికి రావు. తవ్వితీసిన మన్నే మళ్లీ వెయ్యి. గొయ్యి వెడల్పుగా ఉండాలి, లోతు వేళ్లకు సరిపోతే చాలు. పార నున్నగా కోసిన గోడల్ని గీరి గరుకు చెయ్యి. అంటు కట్టిన చోట కాండం కాస్త వంకరగా, ఉబ్బుగా ఉంటుంది. అది నేలకు రెండు మూడు అంగుళాలు పైనే ఉండాలి. మట్టిలో పూడితే పైకొమ్మే వేళ్లు వేస్తుంది, పొట్టి చెట్టు కాస్తా పెద్ద చెట్టవుతుంది. నువ్వు డబ్బిచ్చిన రూట్‌స్టాక్ ఇక లేనట్టే.

నాటాక నీళ్లు నిండా పోసి, కొమ్మల్లేని కర్ర అయితే ముప్పై అంగుళాల దగ్గర కత్తిరించెయ్. చెయ్యి రాదు, తెలుసు. అయినా కత్తిరించు. తవ్వేటప్పుడు సగం వేళ్లు పోగొట్టుకున్న మొక్క అంత పొడుగును పోషించలేదు, పైగా పక్కకొమ్మలు రావు. ఆకు మే చివరి దాకా రాకపోయినా పీకెయ్యకు. మొదటి రెండేళ్లు పిందె పడితే తుంచెయ్. మొదలు చుట్టూ సన్నటి ఇనుపజాలీ పెట్టించమని అల్లుడికి చెప్పు, చలికాలంలో కుందేళ్లు బెరడంతా కొరికేస్తాయి. జింకలకు వేరే కంచె కావాలి.

పెట్టె రాగానే వేళ్ల ఫోటో పంపు. కొమ్మలది అక్కర్లేదు.

ఆశీస్సులతో,
పెదనాన్న