రంగునీటికి బొగ్గు విరుగుడేనా?

ప్రశ్న: పట్టు దారానికి రంగులద్దాక మిగిలే నీళ్లను బొగ్గుతో శుభ్రం చేయవచ్చా?
– ఒక పాఠకుడు, నీరుగట్టువారిపల్లె, మదనపల్లె

జవాబు: చేయవచ్చు. అయితే పొయ్యిలో బొగ్గు చాలదు. కొబ్బరి చిప్పలను గాలి తగలకుండా కాల్చి, ఆ బొగ్గుకు 800-900 డిగ్రీల సెంటీగ్రేడు వేడిలో నీటి ఆవిరి పట్టిస్తే, కంటికి ఆనని రంధ్రాలు లెక్కలేనన్ని ఏర్పడతాయి. అదే యాక్టివేటెడ్ కార్బన్. ఒక్క గ్రాము పొడిలోని రంధ్రాల గోడలన్నీ పరిస్తే సుమారు 1,000 చదరపు మీటర్లు! రంగు అణువులు వచ్చి అంటుకునేది ఆ గోడలకే. దీన్ని అధిశోషణం అంటారు.

సీసాలో గులాబీ రంగు నీళ్లు పోసి, చెంచాడు పొడి వేసి బాగా కుదిపి, గంట తర్వాత వడగడితే తేడా కళ్లకే తెలుస్తుంది. పట్టుకు వాడే యాసిడ్ రంగులైతే, నీళ్లు కాస్త ఆమ్లంగా ఉన్నప్పుడు కార్బన్‌కు ఇంకా బాగా పడతాయి.

వేరుశనగ పొట్టు, చింతగింజల బొగ్గు మీదా పరిశోధనలు జరిగాయి. వేరుశనగ పండే పుంగనూరు, కుప్పం వైపు వాళ్లకు ఇది ఆశ పుట్టించే సంగతే.

కానీ రంగు పోయినంత మాత్రాన అవి తాగే నీళ్లు కావు. అద్దకంలో కలిసిన ఉప్పు అలాగే ఉంటుంది. రంధ్రాలు నిండిన పొడిని చెరువు గట్టున పారబోయడం మరీ తప్పు. వానకు ఆ రంగు మళ్లీ నీళ్లలోకే దిగవచ్చు.