చిక్కుడుకాయలు ఒలుస్తూ చెప్పిన మాట

అక్కలూ, చెల్లెళ్లూ, ఈ నెల మీతో మనసు విప్పి మాట్లాడాల్సిన సంగతి ఒకటుంది.

మన స్త్రీల కూడికల్లో ప్రార్థన మనవుల వేళ ఈ మాట తరచు వింటుంటాను: "ఫలానా ఆవిడ ఇంట్లో పరిస్థితి బాగాలేదు, కాస్త ప్రార్థన చేయండి." అంతే, సాయంత్రానికల్లా ఆవిడ తప్పు పాత గాజువాక నుంచి కూర్మన్నపాలెం దాకా పాకిపోతుంది. ఆవిడతో మాత్రం ఒక్కరూ చెప్పి ఉండరు.

మత్తయి 18వ అధ్యాయంలో ప్రభువు పెట్టిన వరస వేరు. ముందు నువ్వొక్కదానివే వెళ్లాలి. వినకపోతే ఒకరిద్దరిని తోడు తీసుకెళ్లాలి. అప్పటికీ వినకపోతేనే సంఘం. మనమేమో సంఘంతో మొదలుపెడుతున్నాం. ఈ సువార్తను తెలుగు చేసిన తొలి తరంవాళ్లలో ఇద్దరు, క్రాన్, డెస్ గ్రాంజెస్, 1805లో మన విశాఖపట్నం వచ్చి, ఇక్కడే భాష నేర్చుకున్నారు. 1812లో అది శ్రీరాంపూర్‌లో అచ్చయ్యేనాటికి ఇద్దరూ కన్నుమూశారు. ప్రాణం పెట్టి మన భాషలోకి తెచ్చిన మాటని మనం ఇంత తేలిగ్గా దాటేస్తున్నామే అని బాధేస్తుంది.

నాకు ఆ మాట అర్థమైంది మా వంటగదిలో. కోడలు కాపురానికొచ్చిన కొత్తలో, చుట్టాల ముందు ఆ పిల్ల వంటనీ, లేచే వేళనీ ఎత్తి మాట్లాడేదాన్ని. నవ్వుతూనే అనేదాన్ని. ఆ పిల్ల నవ్వేది కాదు. ఒక మధ్యాహ్నం, సంఘంలో మేమంతా పిన్నీ అని పిలిచే పెద్దావిడ వచ్చింది. మా ఆయన స్టీల్‌ప్లాంటులో సి షిఫ్టు చేసొచ్చి పడుకున్నారు. కోడలు బజారుకెళ్లింది. పిన్ని ఆ వేళ చూసుకునే వచ్చిందని తర్వాత తెలిసింది. పీట వాల్చుకుని, నా చేటలో చిక్కుడుకాయలు సగం ఒళ్లో పోసుకుని ఈనెలు తీయసాగింది. చాలాసేపు ఏమీ అనలేదు. తర్వాత గొంతు తగ్గించి, "ఏటమ్మా, ఆ పిల్లని నలుగురిలో అలాగంటన్నావు? నా కోడల్ని నానూ అలాగే అన్నాను. ఇప్పుడది నా గడప తొక్కదు" అంది.

నాకు ఒళ్లు మండింది. కాయల మీంచి తల ఎత్తలేదు. ఆవిడ జవాబు కోసం ఆగలేదు. మిగతా కాయలు ఒలిచి, నా చెయ్యి పట్టుకుని చిన్న ప్రార్థన చేసి, టీ తాగి వెళ్లింది. ఆదివారం ఆరాధనలో ఎప్పట్లాగే చాప మీద పక్కన నాకు చోటు ఉంచింది. ఆ మాట ఇంకొకరి నోట నేను ఈనాటికీ వినలేదు.

గలతీ పత్రిక 6వ అధ్యాయంలో, తప్పులో చిక్కుకున్నవాళ్లను సాత్వికంగా దారికి తెమ్మని పౌలు రాసినచోట ఉన్న గ్రీకు మాటా, జెబెదయి కొడుకులు వలలు బాగుచేసుకుంటున్నచోట మత్తయి వాడిన మాటా ఒక్కటే. గంగవరం ఒడ్డున ఆ పని చూసే ఉంటారు. వలంతా వేళ్లతో తడుముతూ చిరుగు వెతుక్కుంటారు, చుట్టూ ఉన్న కన్నులు పాడవకుండా ఓపిగ్గా ముడి మీద ముడి వేస్తారు. ఆ వల మళ్లీ సముద్రంలోకి వెళ్లాలి మరి.

ఒక్కటి మాత్రం మరిచిపోకండి. భర్త కొడుతున్నాడనో, పిల్లల మీద చెయ్యి పడిందనో తెలిస్తే, "నువ్వే వెళ్లి మెల్లగా చెప్పు" అని ఆ బాధపడే మనిషినే వెనక్కి పంపకండి. ముందు ఆమెను కాపాడండి, 181కి ఫోన్ చేయండి. అన్నీ చాటుగా సర్దే తప్పులు కావు. అంతియొకయలో పేతురు నడత నలుగురినీ నొప్పిస్తుంటే పౌలు అందరి ఎదుటే నిలదీశాడు.

నాకూ ఒక చెల్లి దగ్గరికి వెళ్లే పని మిగిలి ఉంది. చీటీ డబ్బు సంగతి. ఇప్పటికే ఇద్దరితో అనేశాను, ఆమెతో తప్ప. ముందు అందుకు నన్ను క్షమించమని అడగాలి. శుక్రవారం వాళ్లాయనకి బి షిఫ్టు. మూడు దాటాక ఇంట్లో ఒక్కతే ఉంటుంది. దారిలో అరకిలో చిక్కుడుకాయలు కొనుక్కుని వెళ్తాను.