పసిపిల్లల బడిలో ప్రథమ చికిత్స

బెల్లంపల్లిలో ప్రథమ చికిత్స అనగానే ఎవరికైనా బొగ్గుబాయే గుర్తుకొస్తుంది. ప్రతి గనిలోనూ ప్రథమ చికిత్స పెట్టెలు అందుబాటులో ఉండాలని 1952 నాటి గనుల చట్టం చెప్పింది. ఒక్కో పెట్టె శిక్షణ పొందిన మనిషి చేతిలో ఉండాలంది. పనిగంటల్లో ఆ మనిషి ఎప్పుడూ దొరకాలంది. ప్రమాదం వచ్చినప్పుడు ఏం చేయాలో ముందే తేల్చిపెట్టుకోవాలన్నదే ఇందులోని నీతి.

మరి బాయి పైన, మన బస్తీల్లోని అంగన్‌వాడీల మాటేమిటి? 1975 అక్టోబరు 2న 33 ప్రాజెక్టులతో మొదలైన శిశు అభివృద్ధి పథకం ఆరేళ్లలోపు పిల్లలకు తిండి, టీకాలు, ఆటపాటలు ఒక్కచోటికి తెచ్చింది. ఆట పక్కనే పొయ్యి, పొయ్యి మీద మరిగే పప్పు. మందుల పెట్టె ఉన్నా, సమయానికి దాన్ని వాడగల చెయ్యి లేకపోతే ఏం లాభం?

2004 జూలై 16న తమిళనాడులోని కుంభకోణంలో బడి వంటపాకలో పుట్టిన మంట 94 మంది పిల్లల్ని బలిగొన్నది. సరిగ్గా తొమ్మిదేళ్లకు, 2013 జూలై 16న, బీహార్‌లోని గండామన్ గ్రామంలో బడి భోజనం తిని 23 మంది పిల్లలు చనిపోయారు. వంటనూనెలో మోనోక్రోటోఫాస్ అనే పురుగుమందు ఉన్నట్టు పరీక్షల్లో తేలింది.

నేను రైతుబిడ్డను. పత్తికి కొట్టిన మందు డబ్బా ఖాళీ అయితే, కడిగి ఇంట్లో వాడుకోవడం మా పల్లెల్లో కొత్త కాదు. ఆ మందు శరీరంలోని అసిటైల్ కోలినెస్టరేజ్ అనే ఎంజైమును అడ్డుకుంటుంది. చొంగ, చెమట కారతాయి, కంటిపాపలు చిన్నవవుతాయి, ఊపిరి ఆడదు. అందుకే ఆ డబ్బా వంటింటి గడప తొక్కకూడదు. మందు తాగిన పిల్లకు ఉప్పునీళ్లు పోసి కక్కించకూడదు. డబ్బాతో సహా వెంటనే దవాఖానకు తీసుకుపోవాలి.

కాలినప్పుడు పసుపో, సిరానో, పేస్టో పూస్తారు. అది తప్పు. వేడి పప్పు తుడిచేసినా చర్మం లోపల వేడి నిలిచే ఉంటుంది. ఇరవై నిమిషాలు మామూలు చల్లనినీళ్లు ధారగా పోయాలి. ఐసు పెట్టకూడదు, బొబ్బలు చిదమకూడదు.

గొంతులో గింజ అడ్డుపడిన పిల్ల దగ్గగలిగితే దగ్గనివ్వాలి. మాట, దగ్గు రెండూ ఆగితే ముందుకు వంచి వీపు మీద, రెండు భుజాల నడుమ ఐదుసార్లు చరచాలి. అప్పటికీ రాకపోతే వెనుక నిలబడి, బొడ్డుకు కాస్త పైన పిడికిలి పెట్టి, ఐదుసార్లు లోపలికీ పైకీ నొక్కాలి. ఏడాది నిండని బిడ్డకు మాత్రం పొట్ట నొక్కకూడదు. నోట్లో వేలుపెట్టి వెతికితే గింజ ఇంకా లోపలికి పోతుంది.

పాము కరిస్తే కోయడం, పీల్చడం, గట్టిగా కట్టడం వద్దు. పిల్లను నడిపించకుండా ఎత్తుకొని దవాఖానకు చేర్చాలి. మంత్రగాని కోసం పోగొట్టిన గంట తిరిగి రాదు.

ప్రతి కేంద్రంలో గోడమీద 108తో పాటు తల్లిదండ్రుల నంబర్లు రాసి ఉండాలి. ఒకరు గాయపడిన పిల్లను చూస్తే, మిగతావాళ్లను ఎవరు బయటికి తీసుకుపోవాలో టీచరమ్మ, ఆయమ్మ ముందే అనుకోవాలి. నెలకోసారి పిల్లలతో అదంతా చేసి చూడాలి.

విద్యార్థి మిత్రులారా! ఇందులో మన వంతు కూడా ఉంది. మన బస్తీల్లో శిక్షణ పొందిన బాయి కార్మికులు ఉన్నారు. ఎన్.ఎస్.ఎస్. తరఫున వాళ్లను కాలేజీకి పిలిచి ముందు మనం నేర్చుకుందాం. ఆపైన ఒక్కొక్కరం ఒక్కో అంగన్‌వాడీకి పోయి చేసి చూపిద్దాం.